విలియం స్టాన్లీ

విలియం స్టాన్లీ 1858 వ సంవత్సరము నవంబరు నెలలో అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున జన్మించెను. అతని తండ్రి న్యాయవాది. స్టాన్లీ కూడ న్యాయశాస్త్రము చదువుటకై యేల్ విశ్వవిద్యాలయమున చేరెను. కాని అతని మనస్సు యంత్రములపై లగ్నమై యుండెను. అందుచే 1879 లో చదువు మాని విద్యుత్పరికరముల పనిలో ప్రవేశించెను. 1884 లో జార్జి వెస్టింగ్‌హౌస్ అను పారిశ్రామికుడు అతనిని తన సంస్థలో చేర్చుకొనెను.

ఎడిసన్ 1882 లో న్యూయార్కున నెలకొల్పిన కేంద్రము సుమారు 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పంచుచుండెను. దీపములు చక్కగా వెలుగుచుండెను గాని, ఆ విద్యుత్తు సుమారు ఒక మైలు దాటి పోజాలకుండెను. తక్కువ వోల్టేజితో అధికశక్తిని పంపవలెనన్న తీగలో హెచ్చు ప్రవాహము పారవలెను. ప్రవాహము రెట్టింపైనచో తీగ వేడెక్కుటచే కలుగు నష్టము నాలుగు రెట్లగును. దానిని తగ్గించుటకు లావైన రాగితీగలు వాడవలెను. వాని వెల భరింపరానిది. వోల్టేజిని పెంచినచో నష్టము తగ్గును గాని, ఇంటిలో ప్రాణాపాయము కలుగును. దూరమునకు హెచ్చు వోల్టేజి కావలెను; ఇంటికి తక్కువ వోల్టేజి కావలెను. ఈ రెంటికిని పొందిక కుదుర్చుటెట్లు?

ఏకాంతర విద్యుత్తు విషయమున ట్రాన్స్‌ఫార్మరు ఈ పని చేయగలదు. ఇనుప దిమ్మపై రెండు తీగచుట్టలు చుట్టినచో, వాని చుట్ల సంఖ్యను బట్టి వోల్టేజి పెరుగును లేదా తగ్గును. ఐరోపాలో గోలార్, గిబ్స్ అనువారు అట్టి పరికరములను ఒకదాని వెంట నొకటిగా శ్రేణిలో కలిపిరి. అందుచే ఒకచోట దీపము లార్పినచో తక్కినచోట్ల వెలుగు మారుచుండెను. 1885 లో హంగరీ ఇంజనీర్లు ముగ్గురు సమాంతర పద్ధతిని రూపొందించిరి. అమెరికాలో స్టాన్లీయు ఆ మార్గమునే అనుసరించెను. ఈ పద్ధతిలో ప్రతి ఇంటి దీపములును తక్కినవానితో నిమిత్తము లేక వెలుగును.

ఇంతలో అతని ఆరోగ్యము చెడెను. అతడు మసాచుసెట్స్ రాష్ట్రమునందలి గ్రేట్ బారింగ్టన్ అను చిన్న పట్టణము చేరెను. అచటను విశ్రమింపక, పాడుపడిన రబ్బరు కర్మాగారమును ప్రయోగశాలగా మార్చుకొనెను. ఆవిరియంత్రముచే నడచు జనరేటరుతో 500 వోల్టుల విద్యుత్తును పుట్టించి, వీథిలోని చెట్ల వెంబడి తీగలను లాగించెను. భవనముల నేలమాళిగలలో ట్రాన్స్‌ఫార్మర్లను ఉంచి 500 వోల్టులను 100 వోల్టులుగా తగ్గించెను. 100 కు మారుగా 500 వోల్టులతో పంపుటచే, అంతే శక్తికి వీథితీగలో ప్రవాహము ఐదవవంతయ్యెను. అదే తీగలో నష్టము ఇరువదియైదవవంతు మాత్రమే. అయినను దీపమునకు చేరునది 100 వోల్టులే.

1886 మార్చి 20 న ఆ పట్టణపు అంగళ్లును కార్యాలయములును విద్యుద్దీపములతో వెలిగెను. అది చూచి వెస్టింగ్‌హౌస్‌కు ధైర్యము కలిగెను. ఆ యేడే నవంబరులో బఫెలో నగరమున అతని సంస్థ ఏకాంతర విద్యుత్తు పంపిణీని ప్రారంభించెను.

స్టాన్లీ 1890 లో పిట్స్‌ఫీల్డున స్వంత సంస్థను స్థాపించెను. 1912 లో ఎడిసన్ పేరిటి పతకమే అతనికి లభించుట విశేషము. 1916 మే 14 న గ్రేట్ బారింగ్టన్‌లోనే అతడు మరణించెను.

నేడు మన గ్రామములలో స్తంభములపై కనబడు ట్రాన్స్‌ఫార్మర్లు 11,000 వోల్టులను తగ్గించి ఇండ్లకు సుమారు 230 వోల్టులుగా అందించుచున్నవి. సంఖ్యలు మారినను సూత్రము మారలేదు. వ్యాధిగ్రస్తుడయ్యును పట్టుదల విడువని స్టాన్లీ కృషి ఈ సూత్రము లోకమున వ్యాపించుటకు తోడ్పడెను.