ఆవిరి పట్టు నుంచి కాఫీని విడిపించిన అకిల్లే గాజ్జా

మన పెళ్లి పందిళ్లలో ఎస్ప్రెసో పేరిట చేతికందేది నిజానికి ఆవిరితో నురగ తేల్చిన పాలకాఫీ. ఇటలీలో ఆ పేరు గల పానీయం వేరు. చిన్న కప్పులో చిక్కగా, పైన తేనెరంగు పొరతో ఉంటుంది. ఆ పొరను లోకానికి పరిచయం చేసిన వ్యక్తి మిలాన్ నగరంలో కాఫీ దుకాణం నడిపిన అకిల్లే గాజ్జా.

ఆయన 1895లో జన్మించారు. లుయిజి బెజ్జెరా 1901లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆవిరి యంత్రమే ఆ తరం కాఫీ దుకాణాలకు ఆధారం. అందులో నీటిని కాచే పని, ఆ నీటిని కాఫీ పొడిలోంచి నెట్టే పని రెండూ ఒక్క బాయిలరువే. చిక్కంతా అక్కడే ఉంది. ఒకటిన్నర బార్ల పీడనం కావాలంటే నీరు సుమారు 127 డిగ్రీల సెల్సియస్‌కు కాగాలి. ఆ వేడికి పొడి మాడి, కాఫీ చేదెక్కేది. తొమ్మిది బార్లు కావాలంటే 180 డిగ్రీలు దాటవలసిందే. అంతటి ఒత్తిడికి తట్టుకోవాలంటే బాయిలరు రేకు మందమూ పెరగాలి.

బాయిలర్లకు రాగి, ఇత్తడి వాడడం అలవాటుగా వచ్చినా, అకారణం మాత్రం కాదు. మన పాత ఇళ్లలో స్నానాల నీటికి రాగి కాగు ఎందుకు పెట్టేవారో ఇక్కడా అదే హేతువు. స్టెయిన్‌లెస్ స్టీలుతో పోలిస్తే రాగి సుమారు పాతిక రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది. సుత్తి దెబ్బకు సాగుతుంది, అతుకుకు లొంగుతుంది.

లోహాన్ని మార్చడం గాజ్జా ఎంచుకున్న మార్గం కాదు. బాయిలరు నెత్తిన ఉన్న రెండు పనుల్లో ఒకదాన్ని దించివేశారు. ఆవిరితో పనిలేని విధానానికి 1938లో పేటెంటు కోరారు. యుద్ధం ముగిశాక, 1947లో, లివరు యంత్రాన్ని రూపొందించారు. పిడిని కిందికి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది, వేడినీరు సిలిండరులోకి దిగుతుంది. పిడిని వదిలితే స్ప్రింగు ఆ నీటిని ఎనిమిది, తొమ్మిది బార్ల బలంతో పొడిలోంచి నెడుతుంది. బరువైన ఇత్తడి సిలిండరు దారిలోనే కొంత వేడిని పీల్చుకోవడంతో నీరు పొడిని మాడ్చదు. బాయిలరులో మాత్రం పాత ఒకటిన్నర బార్లే. కనుక పలుచని రాగి రేకు యథాతథంగా నిలిచింది.

కప్పుపై తేలిన పొరను చూసి తొలుత కొందరు అది మడ్డి అనుకున్నారని చెబుతారు. గాజ్జా దానికి మీగడ అనే అర్థం వచ్చేలా క్రెమా అని పేరు పెట్టి, ఆ అనుమానాన్నే ఆకర్షణగా మార్చారు. దుకాణదారుకు ఉండవలసిన చాతుర్యం అది! ఆయన తొలి యంత్రాలను తయారుచేసిన ఎర్నెస్తో వాలెంతే తర్వాత విడిపోయి పోటీదారయ్యారు. గాజ్జా మరణించిన 1961లోనే వాలెంతేకు చెందిన ఫయేమా సంస్థ విద్యుత్ పంపుతో ఇ61 యంత్రాన్ని తెచ్చింది. దాంతో స్ప్రింగు పని పంపుకు దక్కింది.

విద్యుత్ హీటరు నీటిలోనే మునిగి ఉండే నేటి యంత్రాల్లో రాగి ఆధిక్యానికి విలువ తగ్గింది. ఇత్తడిలో కలిసే సీసంపై ఆందోళన కూడా తోడై, స్టెయిన్‌లెస్ స్టీలు వాడకం పెరిగింది. అయినా రాగి బాయిలరు, స్ప్రింగు లివరు గల యంత్రాలు ఇటలీలో ఇప్పటికీ తయారవుతున్నాయి.