హాస్యనటచక్రవర్తి శ్రీ రేలంగి వెంకటరామయ్యగారి చరిత్రము

ప్రేక్షకునిచే కన్నీరు కార్పించుట కష్టమే. కాని తాతయు మనుమరాలును, అత్తగారును క్రొత్తకోడలును ఒక్క చాపపై గూర్చుండి ఒకరి మొగ మొకరు చూచుటకు సిగ్గుపడక నవ్వునట్లు చేయుట అంతకంటె కష్టము. ఈ విద్యయందు తెనుగునాట అగ్రగణ్యులైన శ్రీ రేలంగి వెంకటరామయ్యగారి జీవితమును మహాసభకు విచ్చేసిన సోదర సోదరీమణులకు నివేదించుచున్నాము.

వీరు గోదావరీతీర ప్రాంతమందలి రావులపాడున జన్మించిరి. తండ్రిగారు హరికథలును సంగీతమును నేర్పు వృత్తియం దుండుటచే బాలునకు గజ్జెల సవ్వడియు, తాళము నడకయు ఉగ్గుపాలతోనే అబ్బెను. బడిచదువు కంటె నాటకములపై మనసు నిలిచెను. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అనాడు నటులకు పుట్టినిల్లు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి మున్నగువారు మెలగిన యా సమాజమునందే వీరును వేషములు కట్టిరి. స్త్రీపాత్రలును ధరించిరి.

1935లో చిత్తజల్లు పుల్లయ్యగారు నిర్మాణము నడపిన శ్రీకృష్ణతులాభారము అను చిత్రమున వీరు మొదట తెరపై కానవచ్చిరి. అంతట అదృష్టము పండెనని తలచితిమేని పొరపాటు. తరువాతి పదునాలుగేండ్లలో చెప్పుకొనదగిన పాత్ర దొరకుట అరుదు. పుల్లయ్యగారి కడనే నిర్మాణపు పనులు చూచుచు, చెప్పిన పనియెల్ల చేయుచు కాలము గడపిరి. ఇంటికి మరలి పోయినవారు ఎందరో కలరు, వీరు పోలేదు. 1948లో వింధ్యరాణి, 1949లో కీలుగుఱ్ఱము, గుణసుందరికథ వెలువడినపిమ్మట గాని జనులు వీరి పేరు నెరుగరు.

వీరి హాస్యపు గుట్టు ఏమి? ఇతరుల కుంటిని, గుడ్డిని, నల్లదనమును వేళాకోళము చేయుట కాదు. ద్వంద్వార్థముల మాట కాదు. గొప్పలు చెప్పుకొను పిరికివానిని తామే ధరించి, నవ్వును తమమీదికే త్రిప్పుకొనుట. ఈ బెజ్జంకి ప్రాంతమువారికి దీనిని విడమరచి చెప్ప నక్కరలేదు. ఖాకీ కోటు తొడిగి, కొయ్య తుపాకి భుజాన వైచుకొని, లేని జమీనులను ఉన్నట్లు కోతలు కోయు పిట్టలదొరను చూచి నవ్వని పిన్నపెద్ద లెవరు? 1963 నాటి నర్తనశాలలో రేలంగివారి ఉత్తరకుమారుడు ఆ పిట్టలదొరకు దూరపు చుట్టమువలె మాకు తోచును. అంతఃపురకాంతల యెదుట కౌరవుల నందరిని గడ్డిపోచలుగా నెంచినవాడు, సేనను కన్నంతనే కాళ్లు వణక పరువెత్తును. మహాభారతమున నున్నదే, ఐనను ఆ కనుబొమల యెగురుపాటును, మాటమధ్యమందలి ఆ చిన్న విరామమును వ్యాసుడు వ్రాయలేదు.

1951 నాటి పాతాళభైరవిలో రాణిగారి తమ్ముడు, 1955 నాటి మిస్సమ్మలో దేవయ్య, 1957 నాటి మాయాబజారులో లక్ష్మణకుమారుడు వీరి ధరించిన పాత్రలలో మేలైనవి. పెండ్లిపీటలపై మాయాశశిరేఖ కాలు త్రొక్కగా లక్ష్మణకుమారుడు బాధను బయటపెట్టలేక పడు అవస్థను చూచి నేటికిని పిల్లలు నవ్వుదురు. పాటలు కొన్ని స్వయముగా పాడిరి. తండ్రిగారి విద్య ఊరక పోలేదు. సూర్యకాంతము, గిరిజ, రమణారెడ్డిగార్లతో వీరి జోడు చిత్రములకు సగము బలము. వందలకొలది చిత్రములలో నటించుటచే కొన్నింట ఒకే చేష్ట మరల మరల కానవచ్చె ననుట నిజమే. ఐనను హాస్యము చవుకబారినదని ఏ తల్లియు బిడ్డను లేవదీసుకొని పోలేదు.

నాయకుని ప్రక్కన నిలుచు విదూషకునికి పారితోషికమే కాని గౌరవ మెక్కడిదని తలచు కాలము అది. 1970లో భారతప్రభుత్వము వీరికి పద్మశ్రీ బిరుద మొసగెను. తెనుగు హాస్యనటులలో ఈ గౌరవ మందిన మొదటివారు వీరే. ఆర్జించిన ధనముతో పశ్చిమగోదావరిలోని తాడేపల్లిగూడెమున తమ పేరిట చిత్రమందిరమును గట్టించిరి. కడకు ఆ యూరనే స్థిరపడిరి. పిమ్మట వేషములు తగ్గెను. 1975 నవంబరు 27వ తేదీన ఆ తాడేపల్లిగూడెముననే పరమపదించిరి.