యుద్ధరంగంలో బ్లాక్ హోల్ లెక్క చేసిన ష్వార్జ్‌షిల్డ్

బ్లాక్ హోల్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఏదో ఒక వీడియో చూపించేస్తాం. ఆ లెక్క మొదట ఎవరు చేశారో చెప్పడం తక్కువ.

కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1873లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పిల్లల్లో పెద్దవాడు. ఇంట్లో సంగీతం, కళలంటే ఇష్టం. సైన్స్ పిచ్చి మాత్రం ఇతనితోనే మొదలు. పాకెట్ మనీ దాచుకుని లెన్సు కొని, సొంతంగా టెలిస్కోప్ తయారు చేసుకున్నాడు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల గురించి రాసిన పరిశోధనా వ్యాసాలు అచ్చయ్యేసరికి అతనికి 16 ఏళ్లు. అంటే మన టెన్త్, ఇంటర్ పిల్లల వయసు!

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటికి ఆయన పోట్స్‌డామ్ అబ్జర్వేటరీ డైరెక్టర్, వయసు 40 దాటింది. అయినా తనంతట తానే సైన్యంలో చేరారు. అక్కడ ఆయన పని ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్క కట్టడం. ఈ సంగతి కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలనే నా ఉద్దేశం.

1915 నవంబరులో ఐన్‌స్టైన్ గురుత్వాకర్షణ సమీకరణాలు ప్రకటించారు. ఆయనే వాటిని ఉజ్జాయింపుగా సాధించి సరిపెట్టుకున్నారు. యుద్ధరంగంలో ఉన్న ష్వార్జ్‌షిల్డ్ కొన్ని వారాల్లోనే కచ్చితమైన సాధన కనుక్కుని, డిసెంబరులో ఐన్‌స్టైన్‌కు ఉత్తరం రాశారు. ఒక వస్తువును ఎంత చిన్నగా నొక్కేస్తే వెలుగు కూడా బయటికి రాలేదో ఆ సాధన నుంచే తర్వాతివాళ్లు తేల్చారు. సూర్యుడికైతే ఆ వ్యాసార్ధం దాదాపు 3 కిలోమీటర్లు. మన భూమికి 9 మిల్లీమీటర్లు, అంటే భూమి మొత్తం ఒక గోళీకాయంత అయిపోవాలి. బ్లాక్ హోల్ అనే పేరు అప్పటికింకా పుట్టనే లేదు.

ఇంతలో ఒళ్లంతా బొబ్బలెక్కే జబ్బు ఆయన్ను పట్టుకుంది. 1916 మే 11న, 42 ఏళ్లకే కన్నుమూశారు. కొడుకు మార్టిన్‌కు అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లాడే పెద్దయ్యాక నక్షత్రాల లోపల ఏం జరుగుతుందో పరిశోధించిన పేరున్న శాస్త్రవేత్త అయ్యాడు.

2015 సెప్టెంబరు 14న, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కలిసిపోయిన రెండు బ్లాక్ హోల్స్ నుంచి వచ్చిన గురుత్వ తరంగాలను అమెరికాలోని లైగో పరికరాలు మొదటిసారి పట్టుకున్నాయి. 2017 ఆగస్టులో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన తరంగాలు అందాయి. ఈసారి తరంగాల వెనకే, 2 సెకన్లలోపే గామా కిరణాలూ అందాయి. తర్వాత కొన్ని గంటలకు ఆ వెలుగు మామూలు టెలిస్కోపులకూ కనిపించింది.