మెతుకు – మడి

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు పెద్దలు. కుండలోని మెతుకులన్నీ ఒకే మంటపై ఉడుకుతాయి కనుక ఆ మాట చెల్లుతుంది. పొలాలు అటువంటివి కావు. కోనసీమలో కాలువ మొదట ఉన్న మడి, శివారు మడి ఒకేలా పండవు. మరి కొన్ని మళ్ళను చూసి సీమ మొత్తం పంటను అంచనా కట్టడం ఎలా? ఈ ప్రశ్నకు శాస్త్రీయ సమాధానం వెదకిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. గణాంకశాస్త్రంపై మక్కువతో 1931లో భారత గణాంక సంస్థను స్థాపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన సి.ఆర్.రావు 1941లో ఆ సంస్థలోనే చేరారు.

1937లో మహలనోబిస్ బెంగాలులో జనపనార సాగు విస్తీర్ణాన్ని నమూనా పద్ధతిలో లెక్కించే కృషి ఆరంభించారు. బాట పక్కనున్న పొలాలను ఎంచుకొంటే శ్రమ తగ్గుతుంది, కాని సత్యం దూరమవుతుంది. అందుకే ఎంపికను మనిషి ఇష్టానికి విడువక, పటంపై యాదృచ్ఛికంగా నిర్ణయించిన చోట్లకే పరిశీలకులను పంపారు. పంట కోతకు మరీ చిన్న భాగాన్ని తీసుకొంటే అంచు మొక్కలు లోపలికి చేరి, దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని గుర్తించారు. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను వేర్వేరుగా పంపి, ఫలితాలను పోల్చి, పొరపాట్లను పట్టుకొన్నారు. పంట అంకె తప్పితే, దానిని నమ్మిన ప్రణాళిక తప్పుతుంది. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది పేదవాని కడుపే.

1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేకు ఆయనే మార్గదర్శి. 1972 జూన్ 28న ఆయన కన్నుమూశారు. 2007 నుండి ఆయన జన్మదినాన్ని దేశం గణాంక దినోత్సవంగా జరుపుకొంటున్నది. కొద్దిని చూసి అంతటినీ చెప్పదలచినవారు, ఆ కొద్దిని ఎంచుకోవడంలో నిష్పాక్షికంగా ఉండాలన్నదే ఆయన జీవితం అందించే పాఠం.