వేళ్ళతో చదువు నేర్పిన వైద్యురాలు



జూన్ నెల రాగానే ఉప్పల్, నాచారం వీధుల్లో కొత్త యూనిఫారాలు, కొత్త బ్యాగులు కనబడతాయి. మూడేళ్ళు నిండీ నిండని పసివాడిని కూడా తల్లి చంకనెత్తుకొని బడి గేటు దాకా తీసుకువెళుతుంది. మన నగరంలోని చిన్నపిల్లల బడుల బోర్డులను గమనించండి. ఏదో ఒకదాని మీద మాంటిస్సోరి అనే మాట కనబడుతుంది. అదొక సిలబస్ అనీ, ఎక్కువ ఫీజు తీసుకునే బడికి మరో పేరనీ అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. నిజానికి అది ఒక స్త్రీ ఇంటిపేరు. ఆమె ఇటలీ దేశపు కతోలిక కుటుంబంలో పుట్టిన వైద్యురాలు. చిన్నపిల్లల కోసం తన మొదటి బడిని తెరిచింది కూలివాళ్ళ పేటలో. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె మన పొరుగునే, మద్రాసులో ఉన్నారు. పిల్లలకు చదవడం ఎలా వస్తుందో తెలుసుకోవాలనుకునే ప్రతి తల్లీ, తండ్రీ, ఉపాధ్యాయురాలూ ఆమె కథ వినాలి.

రొట్టె ముక్కలు నేర్పిన పాఠం

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే ఊరిలో జన్మించారు. ఆడపిల్ల డాక్టరు కావడమేమిటని తండ్రికి ఇష్టం లేకపోయింది. తల్లి అండగా నిలిచింది. వైద్య కళాశాలలో మగ విద్యార్థులతో కలిసి శవపరీక్షలో పాల్గొనడం ఆడవారికి తగదని ఆమెను తరగతి అయిపోయిన తరువాత ఒంటరిగా ఆ పని చేయమన్నారు. ఆమె వెనుదీయలేదు. 1896లో రోము విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టం పొందారు. ఆ దేశంలో ఆ పట్టం పొందిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

డాక్టరుగా ఆమె రోములోని మానసిక చికిత్సాలయాలకు వెళుతుండేవారు. ఆ రోజుల్లో మందబుద్ధి పిల్లలను కూడా పిచ్చివారితో కలిపి అక్కడే ఉంచేవారు. ఒకచోట అలాంటి పిల్లలను ఏ వస్తువూ లేని ఖాళీ గదిలో పెట్టారు. భోజనం కాగానే వాళ్ళు నేలమీద పడిన రొట్టె ముక్కల కోసం పాకులాడేవారు. వాళ్ళను చూసుకునే ఆమె అది తిండి యావ అని అసహ్యించుకుంది. మరియా మరోలా చూశారు. ఆ గదిలో ఆ పిల్లల చేతులకు అందే వస్తువు మరొకటి లేదు. వాళ్ళ ఆకలి కడుపుది కాదు, చేతులది.

అప్పటి నుంచి ఆమె ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల పుస్తకాలు శ్రద్ధగా చదివారు. చెక్కతో అక్షరాలు చేయించి, ఆ పిల్లల చేత వాటిని తడిమించి, చదవడం, రాయడం నేర్పారు. వారిలో కొందరు మామూలు పిల్లలతో పాటు ప్రభుత్వ పరీక్ష రాసి ఉత్తీర్ణులయ్యారు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఇంత తక్కువగా ఎందుకు నేర్చుకుంటున్నారు? వాళ్ళను వెనక్కి లాగుతున్నది ఏమిటి? తక్కిన జీవితమంతా ఆమె ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే గడిపారు.

కూలివాళ్ళ పేటలో బడి

రోములో సాన్ లొరెంజో అనేది ఆ రోజుల్లో నిరుపేదల పేట. అక్కడ ఒక సంస్థ కార్మికుల కోసం భవనాలు బాగుచేయించింది. తల్లిదండ్రులు పనికి వెళ్ళగానే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని, వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టే మనిషి కావలసివచ్చింది. మరియా ఒప్పుకున్నారు. 1907 జనవరి 6న, ముగ్గురు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగనాడు, అక్కడ బాలల ఇల్లు ప్రారంభమైంది. సుమారు యాభై మంది పిల్లలు. మూడు నుంచి ఆరేళ్ళ వయసువారు.

ఆమె మొదట అక్షరాల జోలికే పోలేదు. చేతులు కడుక్కోవడం, బొత్తాలు పెట్టుకోవడం, చెక్క దిమ్మెలను వాటి గుంటల్లో అమర్చడం నేర్పారు. చదువురాని తల్లులే వచ్చి తమ బిడ్డలకు చదవడం, రాయడం నేర్పమని బతిమాలారు. ఆమె దగ్గర ఖరీదైన సామగ్రి లేదు. వడ్రంగులు చెక్కను నున్నగా చేయడానికి వాడే గరుకు కాగితాన్ని అక్షరాల ఆకారంలో కత్తిరించి అట్టల మీద అంటించారు. పిల్లవాడు ఆ గరుకు గీత వెంబడి, రాసే దిశలోనే వేలు పోనిస్తూ దాని ధ్వనిని పలకాలి. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, వేలు గుర్తుంచుకుంటుంది. తరువాత విడి అక్షరాల పెట్టె ఇచ్చారు. అచ్చులకు ఒక రంగు, హల్లులకు మరో రంగు. పెన్సిలు పట్టడం రాకముందే పిల్లలు ఆ అక్షరాలు పేర్చి మాటలు కట్టేవారు.

చలికాలంలో ఎండ కాసిన ఒకనాడు అందరూ మేడ మీద ఉన్నారు. మరియా ఒక అయిదేళ్ళ బాలుడికి సుద్దముక్క ఇచ్చి, ఎదురుగా ఉన్న పొగగొట్టం బొమ్మ గీయమన్నారు. వాడు నేలమీద గీశాడు. ఆమె మెచ్చుకోగానే వాడి ముఖం వెలిగిపోయింది. తనకు రాయడం వచ్చేసిందని కేక పెట్టి, వంగి, చెయ్యి అనే మాట రాశాడు. తరువాత పొగగొట్టం, ఆపైన ఇంటికప్పు. వాడి చేత ఎవరూ కాపీ రాయించలేదు, బెత్తం చూపించలేదు. అది చూసి తక్కిన పిల్లలూ సుద్దముక్కల కోసం ఎగబడ్డారు. ఆ తరువాత గోడలు, తలుపులు, నేల దేనినీ విడిచిపెట్టలేదు.

బొమ్మలు వద్దు, చీటీలు కావాలి

ఉపాధ్యాయులారా, ఈ భాగం మీకోసం. రాయడం వచ్చింది కానీ చదవడం ఇంకా రాలేదు. మరియా చీటీల మీద బొమ్మల పేర్లు రాసి, ఆ బొమ్మలను బల్లమీద పెట్టారు. చీటీ సరిగా చదివినవాడు ఆ బొమ్మ తీసుకొని ఆడుకోవచ్చు. పిల్లలు చదివారు. కానీ బొమ్మలను అక్కడే వదిలేసి ఇంకో చీటీ, ఇంకో చీటీ అని అడిగారు. చదవడానికి లంచం ఇవ్వనక్కరలేదని ఆమెకు ఆనాడు తెలిసింది. తరువాత ఆమె చీటీల మీద పనులు రాసి ఇచ్చారు. పిల్లవాడు మౌనంగా చదువుకొని, తలుపు మూయమని ఉంటే వెళ్ళి మూసేవాడు. వాడు అర్థం చేసుకున్నాడో లేదో వేరే పరీక్ష పెట్టి తెలుసుకోవలసిన అవసరమే లేదు.

కొన్నాళ్ళకు ఒక పిల్లవాడు నలిగిన కాగితం ముక్క పట్టుకొని వచ్చాడు. అందులో ఒక కథ ఉందని అందరికీ చెప్పాడు. కాగితం మీది గుర్తులు మాటలే కాదు, కథ కూడా చెబుతాయని తెలిసిన ఆ రోజు నుంచి పిల్లలకు పుస్తకాలు కావలసివచ్చాయి.

బొమ్మలతో చదువు చెప్పడం ఆమెతోనే మొదలు కాలేదు. 1658లోనే మొరావియాకు చెందిన కొమేనియస్ అనే బోధకుడు పిల్లల కోసం లోకాన్ని బొమ్మల్లో చూపే పుస్తకం ప్రచురించాడు. ప్రతి బొమ్మ పక్కనా దాని పేరు, అక్షరాల పక్కన కాకి అరుపు, గొర్రె అరుపు. పసిబిడ్డ ముందు బొమ్మను చదువుతాడు, తరువాతే అక్షరాన్ని చదువుతాడని ఆయన కనిపెట్టాడు. చేతికి కూడా చదవడం వచ్చునని మరియా చూపించారు.

మనకు ఇది కొత్త కాదు. మన తాతలు వీధిబడిలో ఇసుక మీద వేలితో ఓనమాలు దిద్దినవారే. అక్షరాభ్యాసం రోజున బియ్యంలో వేలు పట్టి రాయించే ఆచారం నేటికీ మన చుట్టూ ఉంది. ఒక్క రోజు ముచ్చటగా జరిపి మరుసటి రోజు నుంచి నోటుపుస్తకంలో పేజీలకు పేజీలు రాయించడమే మనం చేస్తున్న పొరపాటు.

తల్లి మోసిన బరువు

ఆమె జీవితంలో ఒక గాయం ఉంది. దానిని దాచి ఆమె కథ చెబితే అది సగం కథే అవుతుంది. 1898లో ఆమెకు మారియో అనే కుమారుడు పుట్టాడు. ఆ బిడ్డ తండ్రి ఆమెతో కలిసి పనిచేసిన వైద్యుడు. వారికి వివాహం జరగలేదు. ఆనాటి సమాజంలో ఆ సంగతి బయటపడితే ఆమె వృత్తి అక్కడితో ముగిసేది. బిడ్డను రోముకు దూరంగా ఒక పల్లె కుటుంబం పెంచింది. ఆమె అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు. అంతమంది బిడ్డలకు తల్లి వంటి ఆమె, కన్నకొడుకు అక్షరాలు దిద్దే వయసులో పక్కన కూర్చోలేకపోయారు. పదిహేనేళ్ళ వయసులో మారియో తల్లి దగ్గరికి చేరాడు. చాలాకాలం అతణ్ణి లోకానికి బంధువుగానే పరిచయం చేశారు. అతడు మాత్రం ఆమెను విడిచిపోలేదు. చివరిదాకా ఆమె పనిలో కుడిభుజమై నిలిచాడు. ఎవరినీ తీర్పు తీర్చడానికి ఈ సంగతి చెప్పడం లేదు. బిడ్డ పక్కన కూర్చునే అరగంట ఎంత విలువైనదో, అది దక్కని తల్లికే బాగా తెలుస్తుంది.

మద్రాసులో ఏడేళ్ళు

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆమెను ఆదరించింది. తరువాత పొత్తు కుదరక ఆమె బడులను మూయించింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానంపై ఆమె మారియోతో కలిసి మద్రాసు అడయారుకు వచ్చారు. తాటాకు పందిళ్ళ కింద జరిగిన మొదటి శిక్షణ తరగతులకు దేశం నలుమూలల నుంచి మూడు వందల మంది వచ్చారు. అప్పటికి కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిషు ప్రభుత్వానికి తల్లీకొడుకులు శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆమెను అడయారు దాటి వెళ్ళవద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్ళు నిండాయి. ఆనాడు ప్రభుత్వం పుట్టినరోజు కానుకగా ఆమె కుమారుణ్ణి విడిచిపెట్టింది. తరువాత కొన్నేళ్ళు వారు కొడైకెనాల్‌లో పనిచేశారు. 1946లో ఐరోపాకు తిరిగి వెళ్ళేలోగా వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులను తయారుచేశారు. 1955లో విజయవాడలో వేగుంట కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతో పిల్లల బడి స్థాపించడంతో ఆ విత్తనం తెలుగునాట కూడా వేరూనింది.

సత్యోపదేశం బోధించేవారికి మరొక్క మాట. బార్సిలోనాలో ఆమె బడి పిల్లలు గోధుమలు విత్తి, ద్రాక్షతీగలు పెంచి, ఆ పంటను దివ్యబలిపూజలోని అప్పద్రాక్షరసాల కోసం సమర్పించారు. జపాలను వల్లె వేయించడం కంటే ముందు చేతులతో చేయించాలన్నది అక్కడా ఆమె పద్ధతే. ఆమె 1952 మే 6న హాలండులో కన్నుమూశారు. అక్కడి కతోలిక సమాధుల తోటలోనే ఆమెను ఖననం చేశారు.

ఇక మన ఇంట్లో

ఆమె పేరు పెట్టుకున్న బడిలో చేర్పించే స్తోమత మీకు లేకపోవచ్చు. ఆమె చేసిన పని చేయడానికి స్తోమత అక్కరలేదు. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి కూడా ఇది చేయగలడు.

పాత పెళ్ళి శుభలేఖల అట్టల మీద గరుకు కాగితం అక్షరాలు అంటించండి. పోలికలున్న మ, య వంటివి ఒకేసారి ఇవ్వకండి. త, ల, క చాలు. మొదట ఇది త అని వేలుతో దిద్ది చూపండి. తరువాత త ఏదో తీసి ఇమ్మనండి. చివరగా ఇది ఏమిటని అడగండి. తప్పు చెబితే గద్దించకండి, మళ్ళీ మొదటి మెట్టుకు రండి. ఆ మూడు అక్షరాలతో తల, లత, కల అనే మాటలు వాడే పేర్చుకుంటాడు. బిందె మీద బిందె అనీ, తలుపు మీద తలుపు అనీ రాసి అంటించండి. చెల్లికి మంచినీళ్ళు ఇవ్వు అని చీటీ రాసి చేతికివ్వండి. ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడినప్పుడు బోర్డులోని తెలిసిన అక్షరాన్ని చూపించమనండి.

బొమ్మల పుస్తకం ఒక్కటైనా ఇంట్లో ఉంచండి. నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదు మంచి పుస్తకం వారు తెలుగులో ప్రచురించినవి తక్కువ ధరకే దొరుకుతాయి. దాన్ని చిరుగుతుందని బీరువాలో పెట్టకండి, బిడ్డకు అందేచోట ఉంచండి. ముందు బొమ్మలో ఏముందో వాడినే చెప్పనివ్వండి. ఆ తరువాత మాటల కింద వేలు పోనిస్తూ మీరు చదవండి. మీకు చదువు రాకపోతే దిగులు పడకండి, బొమ్మ చూసి కథ చెప్పండి. సాన్ లొరెంజో తల్లులకు కూడా చదువు రాదు.

మీ బిడ్డ మొద్దు అని ఎవరైనా అంటే, మీకే ఆ మాట నోటిదాకా వస్తే, రొట్టె ముక్కలు ఏరుకున్న ఆ పిల్లలను తలచుకోండి. వాడి చేతులకు మనం ఇంతవరకు ఏమిచ్చామో ముందు చూసుకోండి.