కౌబాయ్‌కి రోమ్‌లో కొత్త రూపు: సెర్జియో లియోనె జీవితం

మన ఇళ్లలో పెద్దవాళ్లకు కౌబాయ్ అనగానే ముందు గుర్తొచ్చేది కృష్ణే. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’కు ఆరుద్ర కథ రాశారు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం వహించారు. బెంగళూరు వైపు స్థిరపడ్డ మనవాళ్లకైతే రామనగర రాళ్లగుట్టలు కనబడితే చాలు, ‘షోలే’ కళ్లముందు తిరుగుతుంది. ఈ రెండు సినిమాల వెనకా ఒక ఇటలీ దర్శకుడి ప్రభావం ఉంది. ఆయనే సెర్జియో లియోనె.

లియోనె 1929 జనవరి 3న రోమ్‌లో పుట్టారు. తండ్రి విన్సెంజో మూకీ సినిమాల దర్శకుడు, తెర మీద ఆయన పేరు రోబెర్తో రోబెర్తి. తల్లి నటి. ముస్సోలినీ కాలంలో తండ్రికి అవకాశాలు సన్నగిల్లాయి. కొడుకు మాత్రం చిన్నప్పటి నుంచే సినిమా వాతావరణంలో పెరిగాడు. ‘బైసికిల్ థీవ్స్’లో చిన్న వేషం వేశాడు. తర్వాత ఏళ్ల తరబడి సహాయ దర్శకుడిగా చాకిరీ చేశాడు. రోమ్‌లో తీసిన ‘క్వో వాడిస్’, ‘బెన్‌హర్’ లాంటి భారీ హాలీవుడ్ చిత్రాలకూ పనిచేశాడు. దర్శకుడిగా సొంత పేరుతో తొలి చిత్రం 1961లో వచ్చిన ‘ది కొలోసస్ ఆఫ్ రోడ్స్’.

ఆయన దశ తిప్పింది 1964 నాటి ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’. అమెరికా కథను స్పెయిన్‌లోని అల్మెరియా ఎడారి ప్రాంతంలో తీశారు. హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్‌కి అప్పటికి టీవీ సీరియల్ పేరు తప్ప పెద్ద గుర్తింపు లేదు, పారితోషికం 15,000 డాలర్లు. దర్శకుడికి ఇంగ్లీషు సరిగా రాదు, హీరోకి ఇటాలియన్ రాదు. సెట్‌లో ఇటలీ, జర్మనీ, స్పెయిన్ నటులు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేవారు. డబ్బింగ్ తర్వాత చెప్పించేవారు. గుమ్మం దాటగానే ఇంకో భాషలోకి మారిపోయే మన కుటుంబాలకు ఇది వింతగా అనిపించదు.

ఆ విజయంలో ఒక మచ్చ ఉంది, దాన్ని మేము దాచదలచుకోలేదు. కథ సొంతం కాదు. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ను అనుమతి తీసుకోకుండా దాదాపు అలాగే వాడుకున్నారు. జపాన్ వాళ్లు దావా వేశారు. చివరికి రాజీ కుదిరి, ప్రపంచ వసూళ్లలో 15 శాతం వారికి ఇవ్వాల్సి వచ్చింది. ఈ గొడవ వల్లే ఆ సినిమా అమెరికాలో 1967 దాకా విడుదల కాలేదు. లియోనె అభిమానులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మాకైతే అది తప్పే అనిపిస్తుంది, ఎంత గొప్ప సినిమా అయినా సరే.

అయితే కథ అరువుది గానీ తీసిన పద్ధతి ఆయనదే. అప్పటిదాకా హాలీవుడ్ కౌబాయ్‌లో ఎక్కువమంది శుభ్రంగా గడ్డం గీసుకున్న ధర్మాత్ములు. లియోనె హీరో మాసిన గడ్డంతో, దుమ్ముకొట్టుకుపోయి, డబ్బు కోసం తుపాకీ తీసేవాడు. తుపాకీ పేలే ముందు నిమిషాల తరబడి కళ్లు, వేళ్లు, చెమట తప్ప ఏమీ చూపించరు. వెనక ఎన్నియో మొర్రికోనె సంగీతం: ఈల, కొరడా దెబ్బ, ఎలక్ట్రిక్ గిటార్. వీళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. 1968 నాటి ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’కి బాణీలు ముందే సిద్ధం చేయించి, షూటింగ్‌లో వినిపిస్తూ నటులను నడిపించారు. మంచివాడి పాత్రలకు పేరుపడ్డ హెన్రీ ఫోండాతో అందులో పిల్లవాణ్ణి కాల్చి చంపే విలన్ వేషం వేయించారు. క్లాడియా కార్డినాలె పాత్రను పక్కనపెడితే, ఆయన వెస్టర్న్‌లలో ఆడవాళ్లకు చోటు బహు తక్కువ. అది లోపమే.

‘గాడ్‌ఫాదర్’ అవకాశాన్ని వదులుకుని ఏళ్లపాటు పట్టుకు వేలాడిన గ్యాంగ్‌స్టర్ కథ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’ 1984లో వచ్చింది. 229 నిమిషాల ఆ చిత్రాన్ని అమెరికా పంపిణీదారులు 139 నిమిషాలకు కోసేసి, కథ వరుస కూడా మార్చి విడుదల చేశారు. అక్కడ సినిమా పోయింది. ఆ తర్వాత లియోనె ఇంకో సినిమా తీయలేదు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి మీద భారీ చిత్రానికి సిద్ధమవుతుండగా, 1989 ఏప్రిల్ 30న గుండెపోటుతో రోమ్‌లో కన్నుమూశారు. వయసు 60.

ఈస్ట్‌వుడ్ 1992లో తీసిన ‘అన్‌ఫర్‌గివెన్’ను లియోనెకు, మరో దర్శకుడు డాన్ సీగెల్‌కు అంకితమిచ్చారు. దానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. తర్వాత వెస్టర్న్‌లు అడపాదడపా వస్తూనే ఉన్నాయి కానీ థియేటర్లలో పాత ఊపు లేదు. కెవిన్ కాస్ట్నర్ 2024లో తెచ్చిన ‘హొరైజన్’ మొదటి భాగం ఆడక, రెండో భాగం విడుదల ఆపేశారు. అదే కాస్ట్నర్ నటించిన ‘ఎల్లోస్టోన్’ సీరియల్‌ను మాత్రం జనం ఇళ్లలో కూర్చుని విరగబడి చూశారు. మనవైపు మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ 2002 నాటి మాట. 2023లో ‘మోసగాళ్లకు మోసగాడు’ మళ్లీ థియేటర్లకు వచ్చింది.

1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ క్లైమాక్స్ కోసం స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర అక్కడి సైనికులు వేల సమాధులతో ఉత్తుత్తి శ్మశానం కట్టారు. షూటింగ్ అయ్యాక దాన్ని మట్టీ గడ్డీ కప్పేశాయి. 2015 నుంచి అభిమానులు పారలు పట్టుకుని వెళ్లి తవ్వి పైకి తీశారు. ఖర్చుల కోసం ఒక్కో సమాధికీ చందా పెట్టారు. చందా కట్టినవాళ్ల పేర్లు ఇప్పుడు ఆ శిలువల మీద ఉన్నాయి.