అక్షరాలు లెక్కపెట్టి రహస్యాలు విప్పిన అల్ కిందీ

ఇంటర్ కామర్స్‌లోనో, డిగ్రీలోనో స్టాటిస్టిక్స్ పుస్తకం తెరిస్తే ముందుగా వచ్చే మాటలు పౌనఃపున్యం, నమూనా, బాహుళకం. చాలామంది పిల్లలు అక్కడే భయపడిపోతారు. కానీ ఈ ఆలోచనలను దాదాపు 1,200 ఏళ్ల కిందటే బాగ్దాద్‌లో ఒక ముస్లిం పండితుడు వాడి చూపించాడు. ఆయనే అబూ యూసుఫ్ యాఖూబ్ ఇబ్న్ ఇస్‌హాఖ్ అల్ కిందీ.

సుమారు 801లో కూఫాలో పుట్టారు. కిందా తెగవారు, తండ్రి కూఫా గవర్నర్. పై చదువులకు బాగ్దాద్ చేరారు. ఖలీఫా మామూన్ రోజుల్లో బైతుల్ హిక్మా పండితులతో కలిసి గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చే పనిలో దిగారు. తర్వాత వచ్చిన ఖలీఫా ముఅతసిమ్ తన కొడుకు చదువును ఆయనకే అప్పగించాడు. తత్వం, వైద్యం, సంగీతం, గణితం, ఇలా 200కి పైగా రచనలు చేశారు. మన భారతీయ అంకెలను ఎలా వాడాలో వివరిస్తూ కూడా ఒక గ్రంథం రాశారు. అరబ్బుల తత్వవేత్త అన్న బిరుదు అలా వచ్చింది.

స్టాటిస్టిక్స్‌కు సంబంధించినది మాత్రం ఒక చిన్న పుస్తకం. రహస్య లిపిలో ఉన్న రాతలను ఎలా విప్పాలన్నదే అందులో విషయం. ఆ రోజుల్లో ఒక అక్షరం బదులు ఇంకో అక్షరమో, గుర్తో పెట్టి రాసేవారు. తాళంచెవి తెలియనివాళ్లు దాన్ని చదవలేరని నమ్మకం. అల్ కిందీ ఆ నమ్మకాన్ని కేవలం లెక్కతో పడగొట్టారు.

పద్ధతి చాలా తేలిక. ముందు అదే భాషలో మామూలు రాత ఒకటి తీసుకోవాలి. ఇది నమూనా. అందులో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఇది పౌనఃపున్యం. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చినది మొదటిది, తర్వాతది రెండోది అని వరస పెట్టుకోవాలి. ఆ మొదటి స్థానంలో ఉన్నదాన్నే మన పుస్తకాల్లో బాహుళకం అంటారు. ఇప్పుడు రహస్య రాతలోని గుర్తులను కూడా అలాగే లెక్కించి, రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అరబ్బీలో అలిఫ్, లామ్ అక్షరాలు ఎక్కువ. అల్ అనే మాట ఎన్ని పదాల ముందు వస్తుందో మనకు తెలిసిందే. కాబట్టి రహస్య రాతలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గుర్తు బహుశా అలిఫ్ అయి ఉంటుంది.

ఇక్కడ బహుశా అన్న మాటే ముఖ్యం. లెక్క మనకు అవకాశం ఎంతో చెబుతుంది, ఖాయం చేయదు. రాత మరీ చిన్నదైతే లెక్క దారి తప్పిస్తుందని, అక్షరాలు తగినన్ని ఉండాలని అల్ కిందీ ముందే హెచ్చరించారు. నాలుగు పదాల చీటీలో అలిఫ్ ఒక్కసారి కూడా రాకపోవచ్చు. పేజీల కొద్దీ రాత ఉంటే భాష తన అసలు స్వభావం బయటపెడుతుంది. ఈరోజు నమూనా పరిమాణం అనే పాఠం చెప్పేదీ ఇదే. నలుగురిని అడిగి ఊరంతా ఇంతే అనుకోకూడదు.

ఇంత ఇల్మ్ ఉన్నా ఆయన చివరి రోజులు సుఖంగా సాగలేదు. ఖలీఫా ముతవక్కిల్ కాలంలో బనూ మూసా సోదరులు ఆయన మీద చాడీలు చెప్పారు. దెబ్బలు తినాల్సి వచ్చింది. ప్రాణంలా చూసుకున్న గ్రంథాలయమంతా ఆ సోదరుల చేతికి పోయింది.

అవి తిరిగొచ్చిన తీరును 13వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా రాశాడు. బనూ మూసా సోదరులకు అప్పగించిన ఒక కాలువ పనిలో కొలత తప్పింది. కాలువ మొదలు మిగతా భాగం కన్నా లోతుగా తవ్వేశారు. ఖలీఫా మండిపడి, విచారణకు ఇంజనీర్ సనద్ ఇబ్న్ అలీని పంపాడు. ప్రాణాల మీదికొచ్చిన సోదరులు ఆయన కాళ్లావేళ్లా పడ్డారు. ముందు అల్ కిందీ కితాబులు తిరిగివ్వండి, తర్వాతే మాట సాయం అని సనద్ షరతు పెట్టాడు. అన్నీ అందాయని అల్ కిందీ చేత్తో రాసిన రసీదు చూశాకే ఆయన వాళ్ల పక్షాన నోరు విప్పాడు.

సుమారు 873లో అల్ కిందీ బాగ్దాద్‌లో కన్నుమూశారు. ఆయన రచనల్లో ఎక్కువ భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. రహస్య లిపి పుస్తకం మాత్రం ఇస్తాంబుల్‌లోని సులైమానియా గ్రంథాలయంలో రాతప్రతిగా మిగిలింది. 1980లలో డమాస్కస్ పండితులు దాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. గణాంకాలతో ఒక నిర్ధారణకు వచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటని ఇప్పుడు స్టాటిస్టిక్స్ చరిత్ర రాసేవాళ్లు గుర్తిస్తున్నారు.

పిల్లలకు ఈ పాఠం కొత్తగా మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో ఉన్న ఉర్దూ పత్రిక చాలు. ఒక పేజీలో ఏ హర్ఫ్ ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టమనండి. మరో పేజీ తీసుకుని మళ్లీ లెక్కించి, రెండు వరసలూ ఎంతవరకు కలుస్తాయో చూడమనండి. ఆ గీతల పట్టికే స్టాటిస్టిక్స్ మొదటి పాఠం.